ఓసిలోస్కోప్‌లో స్పెక్ట్రమ్ కొలిచేటప్పుడు తప్పులెక్కడ దొర్లుతాయి: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి కొర్లగుంటలో నాకొక చిన్న రిపేరు బెంచీ ఉంది. పగలంతా యాంప్లిఫైయర్లు, ఇన్వర్టర్ బోర్డులు. సాయంత్రమైతే చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల ఫైనలియర్ పిల్లలు ప్రాజెక్టులు పట్టుకుని దిగుతారు. వేవ్‌ఫారం చూడటం వాళ్లకు బాగానే వచ్చు. మ్యాథ్ బటన్ నొక్కి ఎఫ్ఎఫ్‌టీ ఎంచుకున్నాకే తలనొప్పి మొదలవుతుంది. సిగ్నల్‌లో ఏయే ఫ్రీక్వెన్సీలు ఎంతెంత ఉన్నాయో, అంటే దాని స్పెక్ట్రమ్‌ను, లెక్కగట్టి గీతలుగా చూపేదే ఎఫ్ఎఫ్‌టీ. కింది ప్రశ్నలు చాలావరకు వాళ్లడిగినవే. కొన్ని చిత్తూరు వైపు ఫ్యాక్టరీల్లో మెయింటెనెన్స్ చూసేవాళ్లు ఫోన్లో అడిగినవి.

ప్రశ్న: తెర మీద ఒక పీక్ కనబడింది. అది నా సర్క్యూట్‌లో ఉన్నట్టేనా?

అప్పుడే నమ్మకండి. ఆ పీక్ మీ సర్క్యూట్‌దే కావచ్చు. ప్రోబ్ వైరు గాల్లోంచి పట్టుకొచ్చిందీ కావచ్చు. స్కోప్ లోపల పుట్టిందీ కావచ్చు, ఉత్త లెక్కలో పుట్టిందీ కావచ్చు. తెర మీద మాత్రం నాలుగూ ఒకేలా నిటారుగా నిలబడ్డ గీతలే.

విడదీయడానికి నేను చేసేది ఒక్కటే: ఏదో ఒక సెట్టింగ్ మార్చి, పీక్ ఏం చేస్తుందో చూస్తాను. సాంప్లింగ్ రేటు (స్కోప్ సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తుందన్నది) మార్చాను, పీక్ పక్కకు జరిగింది: అది ఏలియాస్, అంటే ఇంకెక్కడో ఉన్న ఫ్రీక్వెన్సీ ఇక్కడ వేసిన దొంగ వేషం. వోల్ట్స్ పర్ డివిజన్ ఒక మెట్టు తిప్పాను, అసలు సిగ్నల్ ఎత్తు అలాగే ఉండి ఈ పీక్ మాత్రం పెరిగింది లేదా తగ్గింది: అది స్కోప్ సొంత వక్రీకరణ. ప్రోబ్ మొనను దాని గ్రౌండ్ క్లిప్‌కే తగిలించాను, అయినా పీక్ పోలేదు: అది గాల్లోదో, స్కోప్ లోపల పుట్టిందో. విండో (రికార్డు చివర్లను మలిచే సెట్టింగ్) మార్చాను, పీక్ పాదాలు వెడల్పయ్యాయి లేదా సన్నబడ్డాయి: ఆ పాదాలు లీకేజీ, అంటే పీక్ నుంచి పక్కలకు కారిన శక్తి. ఒకేసారి రెండు నాబ్‌లు తిప్పితే మాత్రం ఏ మార్పు దేనివల్లో ఆ దేవుడికే తెలియాలి.

ప్రశ్న: ఏలియాసింగ్ అని క్లాసులో చదివాం. బెంచీ మీద అది ఎలా దొరుకుతుంది?

తిరుమలలో శనివారం రద్దీ ఎక్కువ, మధ్యలో కాస్త తక్కువ అనుకుందాం. అంటే రద్దీ ఏడు రోజులకోసారి తిరిగొచ్చే అల. మీరు సరిగ్గా శనివారాలే కొండెక్కితే, రద్దీ ఎప్పుడూ ఒకేలా ఉంటుందని చెబుతారు. అదే ఎనిమిది రోజులకోసారి వెళ్లి పుస్తకంలో రాసుకుంటే? మొదట శనివారం, తర్వాత ఆదివారం, ఆ తర్వాత సోమవారం. మళ్లీ శనివారం దొరికేసరికి 56 రోజులు గడుస్తాయి. మీ పుస్తకం చూసినవాడు రద్దీ 56 రోజులకోసారి పెరుగుతుందనుకుంటాడు. మీరు రాసుకున్న ఒక్క అంకె కూడా అబద్ధం కాదు, కానీ 56 రోజుల అల అనేదే లేదు. స్కోప్ చేసేదీ ఇదే. సాంప్లింగ్ రేటులో సగానికి మించిన ఫ్రీక్వెన్సీ ఏదైనా మడతపడి కిందికి వచ్చి కూర్చుంటుంది.

నాకు తగిలిన దెబ్బ చెబుతాను. తిరుచానూరు వైపు ఒక భజన మందిరం నుంచి క్లాస్-డీ (వేగంగా స్విచ్ అవుతూ నడిచే రకం) యాంప్లిఫైయర్ వచ్చింది. అప్పట్లో నా దగ్గర పనిచేసే కుర్రాడు ఎఫ్ఎఫ్‌టీ పెట్టి, "అన్నా, 16 కిలోహెర్ట్జ్ దగ్గర గీత ఉండాది, యాడ నుంచి వస్తాందో తెలీలా" అన్నాడు. నా వయసుకు 16 కిలోహెర్ట్జ్ చెవికి ఆనదు. వాణ్ణి వినమంటే వాడికీ వినపడలేదు. అయినా కంటితో చూశాం కదా అని రెండు రోజులు కెపాసిటర్లు మార్చాం. గీత కదల్లేదు. మూడో రోజు పొద్దున కాఫీ తాగుతూ ఊరికే టైమ్‌బేస్ నాబ్ (తెర మీద పట్టే కాలం మార్చేది) తిప్పాను. 16లో ఉన్న గీత దూకి 9లోకి వెళ్లింది.

అప్పుడు కాగితం తీశాను. ఆ యాంప్లిఫైయర్ స్విచింగ్ 384 కిలోహెర్ట్జ్. అవుట్‌పుట్ ఫిల్టర్ దాటి కాస్త మిగలడం మామూలే. స్కోప్ ఆ టైమ్‌బేస్‌లో సెకనుకు 1 లక్ష సాంపిళ్లే తీస్తోంది. 100 గుణిజాల్లో 384కి దగ్గరిది 400, తేడా 16. నాబ్ తిప్పాక సెకనుకు 1,25,000 అయింది. 125 గుణిజాల్లో దగ్గరిది 375, తేడా 9. బోర్డులో ఏ లోపమూ లేదు. పీకి పారేసిన కెపాసిటర్లు మాత్రం మంచివే.

అప్పటి నుంచి నా పద్ధతి: ముందు సాంప్లింగ్ రేటును స్కోప్ ఇచ్చినంత పైకి పెట్టి మొత్తం స్పెక్ట్రమ్ ఒకసారి చూస్తాను. పైన ఏయే శక్తులున్నాయో తెలిశాకే కిందికి దిగుతాను.

ప్రశ్న: స్కోప్‌లో బ్యాండ్‌విడ్త్ లిమిట్ ఉంది కదా, అది ఏలియాసింగ్‌ను ఆపదా?

20 మెగాహెర్ట్జ్ లిమిట్ పెడితే 20 పైన ఉన్నది తగ్గుతుంది. మీ సాంప్లింగ్ సెకనుకు 1 లక్షే అయితే 50 కిలోహెర్ట్జ్ నుంచి 20 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న మందంతా మడతపడటానికి సిద్ధంగానే ఉంటుంది. స్కోప్ ముందున్న అనలాగ్ భాగం దాని గరిష్ఠ సాంప్లింగ్ రేటును దృష్టిలో పెట్టుకుని చేసింది. టైమ్‌బేస్ నెమ్మది చేసినప్పుడు మామూలు మోడ్‌లో చాలా స్కోప్‌లు మధ్యలో సాంపిళ్లను వదిలేస్తాయి తప్ప ఫిల్టర్ వేయవు. హై-రిజల్యూషన్ మోడ్ ఉంటే పెట్టండి. అందులో వదిలేయాల్సిన సాంపిళ్లను సగటు తీస్తుంది కాబట్టి కొంత ఫిల్టర్ పని జరుగుతుంది. అసలైన మందు మాత్రం ప్రోబ్‌కు ముందు ఒక ఆర్‌సీ ఫిల్టర్ (ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్) కట్టుకోవడమే. రెండు రూపాయల సామాను.

ప్రశ్న: పక్కపక్కన ఉన్న రెండు ఫ్రీక్వెన్సీలు ఒకే ముద్దగా కనబడుతున్నాయి. ఎలా విడదీయాలి?

ఎక్కువసేపు వినాలి. ఎఫ్ఎఫ్‌టీలో రెండు గీతల మధ్య దూరం, అంటే ఒక బిన్ వెడల్పు, మీరు రికార్డు చేసిన కాలానికి విలోమం. 200 మిల్లీసెకన్లు రికార్డు చేస్తే 5 హెర్ట్జ్, 1 సెకను చేస్తే 1 హెర్ట్జ్, 10 సెకన్లు చేస్తే 0.1 హెర్ట్జ్. ఇందులో సాంప్లింగ్ రేటు పాత్ర లేదు. చాలామంది పిల్లలు ఇక్కడే తికమకపడతారు: రేటు పెంచితే రిజల్యూషన్ పెరుగుతుందనుకుంటారు. మెమరీ ఇంతే అని స్కోప్‌కు ఒక హద్దు ఉంటుంది కాబట్టి, రేటు పెంచితే కాలం తగ్గి రిజల్యూషన్ ఇంకా చెడుతుంది. కొన్ని చవక స్కోప్‌లు ఎఫ్ఎఫ్‌టీకి 1024 పాయింట్లే వాడతాయి. సెకనుకు 100 కోట్ల సాంపిళ్లు తీస్తూ 1024 పాయింట్లతో లెక్కేస్తే బిన్ వెడల్పు సుమారు 977 కిలోహెర్ట్జ్. అందులో 50 హెర్ట్జ్ వెతకడం గంగమ్మ జాతరలో పోయిన చెవిదిద్దు వెతకడమే.

మన దగ్గరి ఉదాహరణే చూడండి. చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో సీజనంతా ఇండక్షన్ మోటార్లు ఆగకుండా తిరుగుతాయి. రోటర్ బార్ (తిరిగే భాగంలోని లోహపు కడ్డీ) విరిగిందేమోనని అనుమానం వస్తే మోటారు విప్పకుండానే కరెంటు స్పెక్ట్రమ్ చూసి చెప్పొచ్చు. నాలుగు పోళ్ల మోటారు, సింక్రనస్ వేగం 1500, నిమిషానికి 1440 తిరుగుతోందనుకోండి. స్లిప్, అంటే వెనకబాటు, 4 శాతం; 50 హెర్ట్జ్‌లో అది 2 హెర్ట్జ్. విరిగిన బార్ 50 హెర్ట్జ్‌కు అటూ ఇటూ స్లిప్‌కు రెండింతల దూరంలో, అంటే 46 దగ్గర, 54 దగ్గర చిన్న పీకులు లేపుతుంది. 200 మిల్లీసెకన్ల రికార్డులో ఈ మూడూ ఒకే మూటలో ఉంటాయి. 10 సెకన్ల రికార్డు తీస్తే మూడు గీతలూ వేరుగా నిలబడతాయి. మోటారు మీద లోడ్ ఉండాలి సుమా. ఖాళీగా తిరిగేటప్పుడు స్లిప్ దాదాపు సున్నా, పక్క పీకులు 50లోకి దూరిపోతాయి. పక్క పీకులు 50 హెర్ట్జ్ పీక్ కంటే 50 డీబీ పైగా కిందే ఉంటే నేను పట్టించుకోను (డీబీ అంటే ఎత్తుల నిష్పత్తి కొలత, 20 డీబీ అంటే వోల్టుల్లో పది రెట్లు). 35, 40 డీబీ దూరంలోకి వస్తే విప్పి చూడమంటాను.

ఎక్కువసేపు వినడానికి ఇంకో ఉదాహరణ: గాదంకిలో ఎన్ఏఆర్ఎల్ (జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల) వారి ఎంఎస్‌టీ రాడార్, పైగాలుల్ని కొలిచేది, 53 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తుంది. తరంగదైర్ఘ్యం 5.66 మీటర్లు. గాలి సెకనుకు 1 మీటరు వేగంతో రాడార్ వైపు కదిలితే తిరిగొచ్చే ప్రతిధ్వని మారేది 0.35 హెర్ట్జ్ మాత్రమే. 53 మెగాహెర్ట్జ్ మీద మూడో వంతు హెర్ట్జ్ తేడా! దాన్ని పట్టాలంటే ఎవరికైనా సుమారు 3 సెకన్లు వినక తప్పదు. యంత్రం ఖరీదు ఎంతైనా ఈ లెక్క మారదు.

ప్రశ్న: జూమ్ చేస్తే రిజల్యూషన్ పెరగదా?

పెరగదు. ముద్ద పెద్దదిగా కనబడుతుంది, అంతే.

ప్రశ్న: రెండో చానెల్ ఆన్ చేయగానే స్పెక్ట్రమ్ మారిపోయింది. స్కోప్ పాడైందా?

లేదు. చాలా స్కోప్‌లలో ఏడీసీని (వోల్టేజీని అంకెలుగా మార్చే చిప్పును) చానెళ్లు పంచుకుంటాయి. రెండోది ఆన్ చేస్తే రేటు సగమవుతుంది, నాలుగూ ఆన్ చేస్తే నాలుగో వంతుకు పడిపోతుంది. మెమరీ కూడా వాటాలేసుకుంటుంది. అక్కర్లేని చానెల్ ఆఫ్ చేసి చూడండి.

ప్రశ్న: ఇన్ని విండోలు ఎందుకు? ఏది పెట్టుకోవాలి?

ఎఫ్ఎఫ్‌టీ మీ రికార్డు చివరను మొదటికి అతికించి, అదే ముక్క ఎప్పటికీ తిరుగుతోందనుకుంటుంది. పది అలలు సరిగ్గా పట్టిన రికార్డయితే అతుకు తెలియదు. పదిన్నర పడితే అతుకు దగ్గర విరుపు. ఆ విరుపు శక్తి పీక్ నుంచి పక్క బిన్‌లన్నిటికీ కారుతుంది. గోపురంలా ఉండాల్సిన పీక్ గుడారంలా పరుచుకుంటుంది. విండో చేసేపని రికార్డు రెండు చివర్లనూ మెల్లగా సున్నాకు దించడం. అతుకు దగ్గర విరుపుండదు. బదులుగా పీక్ కాస్త లావవుతుంది.

రెక్టాంగ్యులర్ అంటే అసలు విండో వేయకపోవడమే. పీక్ అన్నిటికంటే సన్నం, కారడం అన్నిటికంటే ఎక్కువ: మొదటి పక్క లోబ్ (పీక్ పక్కన లేచే మొదటి గుట్ట) 13 డీబీ కిందే నిలబడుతుంది. హ్యానింగ్‌లో అది 31 డీబీ కిందికి పోతుంది, దూరం వెళ్లేకొద్దీ ఇంకా వేగంగా పడుతుంది. బ్లాక్‌మన్-హ్యారిస్‌లో 92 డీబీ. పెద్ద పీక్ పక్కన పిల్ల పీక్ దాక్కుందేమో చూడాలంటే ఇదే పెట్టండి. పై మోటారు పనికి నేను హ్యానింగ్‌తో మొదలుపెట్టి, అనుమానమొస్తే దీనికి మారతాను.

ఎత్తు కచ్చితంగా కావాలంటే సంగతి వేరు. ఫ్రీక్వెన్సీ సరిగ్గా రెండు బిన్‌ల మధ్యలో పడిందనుకోండి. పీక్ అసలు ఎత్తు కంటే పొట్టిగా కనబడుతుంది. రెక్టాంగ్యులర్‌లో 3.9 డీబీ దాకా, హ్యానింగ్‌లో 1.4 డీబీ దాకా. డీబీల్లో చిన్నగా అనిపిస్తుంది. వోల్టుల్లో చూస్తే 230 వోల్టులు ఒకదాంట్లో 146గా, ఇంకోదాంట్లో 195గా చదువుకోవాల్సి వస్తుంది! ఫ్లాట్‌టాప్‌లో ఈ తేడా దాదాపు లేదు. దాని పీక్ బాగా లావు కాబట్టి దగ్గరి పీకుల్ని మింగేస్తుంది. నా అలవాటు: హ్యానింగ్‌తో ఎక్కడుందో వెతికి, ఫ్లాట్‌టాప్‌తో ఎంతుందో రాసుకోవడం. హ్యామింగ్ అనే ఇంకో విండో జోలికి నేను పెద్దగా పోను.

పేర్ల గురించి ఒక ముక్క. హ్యానింగ్ అనే మనిషి లేడు. ఆస్ట్రియా వాతావరణ శాస్త్రవేత్త జూలియస్ ఫాన్ హాన్ పేరు అలా సాగింది. హ్యామింగ్ మాత్రం నిజంగానే ఇంకో మనిషి, బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన రిచర్డ్ హ్యామింగ్. వైవాలో ఇది అడిగినవాళ్లున్నారని పిల్లలు చెప్పారు.

ప్రశ్న: ఇన్వర్టర్ టీహెచ్‌డీ 0.1 శాతం అని స్కోప్‌తో కొలిచి ప్రాజెక్టు రిపోర్టులో రాయొచ్చా?

టీహెచ్‌డీ అంటే అసలు ఫ్రీక్వెన్సీతో పోలిస్తే దాని గుణిజాలు, అంటే హార్మోనిక్స్, అన్నీ కలిపి ఎంత శాతమో. 8 బిట్ స్కోప్‌తో అయితే వద్దు. 8 బిట్ అంటే నిలువునా 256 మెట్లు. ఆదర్శ స్థితిలో సిగ్నల్‌కు, ఆ మెట్ల నాయిస్‌కు తేడా సుమారు 50 డీబీ. 50 డీబీ అంటే 0.3 శాతం, 60 డీబీ అంటే 0.1 శాతం. "సార్, నాయిస్ ఫ్లోర్ 90 డీబీ కింద కనబడుతోంది కదా" అంటారు, అంటే స్పెక్ట్రమ్ అడుగున పరుచుకున్న నాయిస్ మట్టం. నిజమే, 1 లక్ష పాయింట్ల ఎఫ్ఎఫ్‌టీ ఆ నాయిస్‌ను బిన్‌లకు పంచేసరికి ఒక్కో బిన్‌లో ఇంకో 47 డీబీ దిగుతుంది. కానీ ఏడీసీ వంకర్ల వల్ల పుట్టే హార్మోనిక్స్ అలా పంచబడవు, ఉన్నచోటే గట్టిగా నిలబడతాయి. మీరు కొలిచిన 0.1 శాతంలో ఇన్వర్టర్‌ది ఎంతో స్కోప్‌ది ఎంతో చెప్పలేరు. 3, 4 శాతం టీహెచ్‌డీకి మాత్రం ఈ స్కోపే చాలు.

సిగ్నల్‌ను తెర నిండుగా పెట్టండి, ఎనిమిది గళ్లలో ఆరు ఏడు. రెండు గళ్లలోనే ఉంచితే రెండు బిట్లు, అంటే 12 డీబీ, చేతులారా పారేసుకున్నట్టు. అలాగని నెత్తి తెర బయటికి పోనివ్వకండి. తల తెగిన సైన్ వేవ్‌లో 3, 5, 7 హార్మోనిక్స్ పుట్టుకొస్తాయి, మీ సర్క్యూట్‌ను అనవసరంగా తిట్టుకుంటారు. ఎఫ్ఎఫ్‌టీ తెర నిండా పరుచుకున్నప్పుడు అసలు వేవ్‌ఫారం కనబడక ఇది ఎక్కువగా జరుగుతుంది. రెండూ కనబడేలా తెరను పంచుకోండి.

200 మిల్లీసెకన్ల లెక్క ఇక్కడ పనికొస్తుంది. మెయిన్స్ హార్మోనిక్స్ కొలవడానికి ఐఈసీ 61000-4-7 ప్రమాణం 50 హెర్ట్జ్ సరఫరాలో సరిగ్గా 10 సైకిళ్ల రికార్డు తీసుకుంటుంది. 5 హెర్ట్జ్ బిన్‌లు, ప్రతి హార్మోనిక్కూ ఒక బిన్ నడినెత్తి మీద పడుతుంది.

ప్రశ్న: యావరేజింగ్ పెడితే నాయిస్ తగ్గుతుందా?

స్పెక్ట్రమ్‌ల సగటు తీస్తే నాయిస్ ఫ్లోర్ గరుకుతనం పోయి నున్నగా అవుతుంది, దిగదు. నున్నబడ్డాక దాక్కున్న చిన్న పీక్ తల బయటికొస్తుంది, ఆ మేలు ఉంది. ఫ్లోర్ దిగాలంటే రికార్డు పొడిగించాలి: పది రెట్లకు 10 డీబీ. ట్రిగ్గర్‌తో వేవ్‌ఫారంనే యావరేజ్ చేసి దానికి ఎఫ్ఎఫ్‌టీ తీస్తే ఫ్లోర్ నిజంగానే దిగుతుంది. అయితే ట్రిగ్గర్‌తో పొంతన లేని సిగ్నల్స్ కూడా తుడిచిపెట్టుకుపోతాయి. మీరు వెతికే చొరబాటు నాయిస్ అదే అయితే, దొంగను పట్టబోయి చెరిపేసినట్టవుతుంది.

ప్రశ్న: మల్టీమీటర్ చెప్పేదీ స్పెక్ట్రమ్ చెప్పేదీ కలవడం లేదు.

ముందు ప్రోబ్ స్విచ్ చూడండి. ప్రోబ్ మీద 10ఎక్స్, మెనూలో 1ఎక్స్ ఉంటే సరిగ్గా 20 డీబీ తేడా. నా బెంచీ దగ్గరికి వచ్చే "స్కోప్ తప్పు చూపిస్తోంది" కేసుల్లో ఎక్కువ ఇదే.

అది కాకపోతే యూనిట్. డీబీవీకి ఆధారం 1 వోల్ట్ ఆర్ఎంఎస్ (సైన్ వేవ్‌లో శిఖరానికి సుమారు 0.707 రెట్లు). తెర మీద శిఖరం 1 వోల్ట్ ఉన్న సైన్ వేవ్ సున్నా డీబీవీ చూపించదు, మైనస్ 3 చూపిస్తుంది. డీబీఎం అయితే ఇంకో చిక్కు: అది పవర్ కాబట్టి ఏ రెసిస్టెన్స్ మీద అన్నది కావాలి. 50 ఓమ్‌ల లెక్కలో 1 వోల్ట్ ఆర్ఎంఎస్ 13 డీబీఎం. మీ ఇన్‌పుట్ 1 మెగా ఓమ్‌లో ఉంటే ఆ అంకెకు అర్థమే లేదు, డీబీవీలోకి మారండి. పైగా ట్రూ ఆర్ఎంఎస్ మీటర్ అన్ని హార్మోనిక్స్‌నూ కలిపి చెబుతుంది, స్పెక్ట్రమ్‌లో మీరు చదివేది ఒక్క గీత.

ప్రశ్న: మెయిన్స్‌ను నేరుగా ప్రోబ్‌తో చూడొచ్చా?

గ్రౌండ్ క్లిప్ స్కోప్ బాడీ ద్వారా ఎర్త్‌కు కలిసి ఉంటుంది. దాన్ని ఫేజ్‌కు తగిలిస్తే పేలుతుంది. అందుకని స్కోప్ ప్లగ్ ఎర్త్ పిన్ కత్తిరించి వాడేవాళ్లను చూశాను. అప్పుడు స్కోప్ బాడీయే 230 వోల్టుల మీద కూర్చుంటుంది, మీ చేయి దాని మీద. ఆ పని మాత్రం చేయొద్దు. వోల్టేజీకి డిఫరెన్షియల్ ప్రోబ్, కరెంటుకు క్లాంప్ వాడండి.

ప్రశ్న: ప్రోబ్ గ్రౌండ్ వైరు వల్ల స్పెక్ట్రమ్ మారుతుందా?

మొసలి క్లిప్ ఉన్న ఆ జానెడు వైరు, ప్రోబ్ మొన, రెండూ కలిసి ఒక లూప్ యాంటెనా. పక్కన ఎల్ఈడీ బల్బు డ్రైవర్, ల్యాప్‌టాప్ చార్జర్ ఉంటే అవన్నీ మీ స్పెక్ట్రమ్‌లోకి వస్తాయి. మా బెంచీ మీద ట్యూబ్‌లైట్ తీసి ఎల్ఈడీ పెట్టిన రోజు ప్రతి బోర్డులోనూ ఒకే పీకుల గుంపు కనబడింది. లైటు ఆర్పితే మాయం. పది మెగాహెర్ట్జ్‌లు దాటిన పనికి క్లిప్ తీసేసి, ప్రోబ్ డబ్బాలో వచ్చే చిన్న స్ప్రింగ్ వాడండి. చాలామంది దాన్ని పెన్ను స్ప్రింగ్ అనుకుని పారేస్తారు.

ప్రశ్న: సున్నా దగ్గర పెద్ద గోడలా లేస్తోంది, ఏమిటది?

సిగ్నల్‌లోని డీసీ. ఏసీ కప్లింగ్ పెడితే పోతుంది. 10 హెర్ట్జ్ కంటే కింద ఏదైనా కొలవాలంటే మాత్రం ఏసీ కప్లింగ్ దాన్నీ తగ్గించేస్తుంది, డీసీలోనే ఉంచి ఆఫ్‌సెట్‌తో సర్దుకోండి.

ప్రశ్న: పీక్ డిటెక్ట్ మోడ్‌లో ఎఫ్ఎఫ్‌టీ చూడొచ్చా?

వద్దు. అది ప్రతి ముక్కలోంచి గరిష్ఠం, కనిష్ఠం ఏరుకుంటుంది. వాటి మధ్య కాలం సమానంగా ఉండదు, ఎఫ్ఎఫ్‌టీ సమానమనుకునే లెక్కేస్తుంది.

ప్రశ్న: నా సెట్టింగులు సరిగ్గా ఉన్నాయో లేదో కొలత మొదలుపెట్టే ముందే తెలుసుకునే మార్గం ఉందా?

స్కోప్ ముందు ప్రోబ్ సరిచేయడానికి ఇచ్చిన 1 కిలోహెర్ట్జ్ చదరపు అల ఉంది కదా, దాని స్పెక్ట్రమ్ తీయండి. మొదట వేవ్‌ఫారం చూసి ప్రోబ్ స్క్రూ తిప్పి మూలలు చదును చేసుకోండి. తర్వాత ఫ్లాట్‌టాప్ పెట్టి ఎత్తులు రాసుకోండి. మొదటి పీక్ కంటే మూడోది 9.5 డీబీ, ఐదోది 14 డీబీ, ఏడోది 16.9 డీబీ కింద ఉండాలి. సాంప్లింగ్ రేటు మెగాల్లో పెట్టండి. సెకనుకు 1 లక్ష పెడితే 99, 101 కిలోహెర్ట్జ్ హార్మోనిక్స్ మడతపడి సరిగ్గా 1 కిలోహెర్ట్జ్ మీదే వాలతాయి, బయటికి కనబడకుండా అంకె పాడుచేస్తాయి. సరి సంఖ్యల దగ్గర, అంటే 2, 4, 6 కిలోహెర్ట్జ్ దగ్గర, దాదాపు ఏమీ ఉండకూడదు. నా పాత స్కోప్‌లో 2 దగ్గర చిన్న మొలక కనబడుతుంది. దాని చదరపు అల పైన ఉండే కాలం, కింద ఉండే కాలం సరిసమానం కాదు. కర్సర్లు పెట్టి కొలిస్తే ఆ తేడా వేవ్‌ఫారంలోనూ దొరికింది.